తెలుగు విద్యార్థి - డిజిటల్ అక్షరాస్యత: పరికరాల పట్టిక నుంచి పాఠపరిశీలన దాకా (వర్ని, బోధన్ ప్రాంతం నేపథ్యంగా)

వ్యాససంగ్రహం:

విద్యార్థులకు ఉపకరించే సాంకేతిక పరికరాలను గురించి తెలుగులో వస్తున్న రచనలు చాలావరకు పేర్ల పట్టికలుగా మిగిలిపోతున్నాయి. ఒక పరికరం తెలుగు పాఠం మీద ఎట్లా పనిచేస్తుంది, ఎక్కడ తప్పుతుంది, ఆ తప్పును విద్యార్థి ఎట్లా పట్టుకోవాలి అన్న ప్రశ్నలకు వాటిలో చోటు తక్కువ. నిజామాబాద్ జిల్లా వర్ని, బోధన్ పరిసర గ్రామాల నుంచి వచ్చే డిగ్రీ విద్యార్థిని దృష్టిలో ఉంచుకొని, తెలుగు చదువుకు అవసరమైన కొన్ని పరికరాల బలాబలాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పరికరాన్ని నడపగలగడం అక్షరాస్యతలో మొదటిమెట్టు మాత్రమే. పరికరం ఇచ్చిన పాఠాన్ని పరీక్షించగలగడమే అసలైన అక్షరాస్యత అని, అందుకు కావలసిన పద్ధతి తెలుగు పరిష్కరణ సంప్రదాయంలోనే ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: డిజిటల్ అక్షరాస్యత, యూనికోడ్, నిఘంటువులు, అక్షరగుర్తింపు, మాండలికం, కృత్రిమమేధ, మూలపరిశీలన, వర్ని, బోధన్.

1. ఉపోద్ఘాతం:

'అక్షరాస్యత' అనే మాటలో అక్షరంతోపాటు ఆస్యం కూడా ఉంది. ఆస్యమంటే నోరు. అక్షరం నోట పలికినవాడే అక్షరాస్యుడు. పలక కొన్నవాడిని గాని, బలపం పట్టినవాడిని గాని మన భాష అక్షరాస్యుడు అనలేదు. డిజిటల్ అక్షరాస్యత విషయానికి వచ్చేసరికి మాత్రం ఈ వివేకం సడలింది. ఫోను ఉండటం, అందులో నాలుగు యాప్‌లు తెరవగలగడం అక్షరాస్యతగా చెలామణి అవుతున్నాయి.

పాల్ గిల్‌స్టర్ 1997లో 'డిజిటల్ లిటరసీ' అనే పేరుతోనే గ్రంథం వెలువరించాడు. ఆయన ప్రధానంగా మాట్లాడింది మీటలు నొక్కడం గురించి కాదు, తెరమీద కనిపించిన సమాచారాన్ని తూచి గ్రహించడం గురించి. ఐరోపా సంఘం రూపొందించిన 'డిజ్‌కాంప్' చట్రం ఈ సామర్థ్యాన్ని ఐదు విభాగాలుగా చూపింది. అవి సమాచార అక్షరాస్యత, సంభాషణ-సహకారం, విషయసృష్టి, భద్రత, సమస్యాపరిష్కారం. మనదేశంలో 2017లో మొదలైన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ 14 నుంచి 60 ఏళ్ల వయసువారికి 20 గంటల శిక్షణను నిర్దేశించింది. ఇంటికొకరు చొప్పున 6 కోట్ల గ్రామీణ కుటుంబాలకు చేరాలన్నది లక్ష్యం. 2024 మార్చి 31తో ముగిసేనాటికి 6.39 కోట్ల మంది శిక్షణ పొందారని ప్రభుత్వం ప్రకటించింది. ఇది చిన్న పని కాదు. అయితే పరికరాన్ని తెరవడం, అంతర్జాలంలో వెతకడం, సందేశం పంపడం, చెల్లింపు చేయడం ఆ శిక్షణకు కొలమానాలు. వెతికి తెచ్చిన దానిని నమ్మవచ్చునా అన్న ప్రశ్నకు 20 గంటల్లో చోటు దొరకడం కష్టం. ఆ ప్రశ్నకు చోటు దొరకవలసినది డిగ్రీ తరగతిగదిలో, ముఖ్యంగా భాషాసాహిత్యాల తరగతిలో. ఈ వ్యాసానికి ఆ ఆలోచనే ఆధారం. ఇది సర్వే కాదు. తరగతిలో విద్యార్థులతో చేసిన అభ్యాసాలనుంచి పుట్టిన విమర్శ.

2. వర్ని నేపథ్యం:

మంజీరపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ ప్రాంత స్వరూపాన్నే మార్చింది. కాలువ నీటి కోసం కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతులు ఇక్కడ 'క్యాంపు'లు కట్టుకున్నారు. బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర కర్మాగారం వెలసింది. పక్కనే రుద్రూరులో చెరకు, వరి పరిశోధనక్షేత్రం, ఆహారశాస్త్ర సాంకేతిక కళాశాల ఉన్నాయి. వర్ని మండలంలోని బడాపహాడ్ దర్గాకు మతభేదం లేకుండా జనం వస్తారు. తెలంగాణ తెలుగు, క్యాంపుల కోస్తా తెలుగు, ఉర్దూ, లంబాడీ, సరిహద్దు వైపు మరాఠీ ఈ చుట్టుపక్కల ఒకే సంతలో వినిపిస్తాయి.

ఈ భాషావైవిధ్యం డిజిటల్ చర్చకు బయటి విషయం కాదు. పరికరం ఒక తెలుగును మాత్రమే ఎరిగి ఉంటుంది. విద్యార్థి నాలుకపై రెండు మూడు తెలుగులు ఉంటాయి. ఈ రెంటి మధ్య దూరమే ఈ వ్యాసంలో పలుమార్లు ఎదురవుతుంది.

3. అందుబాటు - అసమానత:

2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ విడత ప్రకారం దేశంలో గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటరు ఉన్నవి 4.4 శాతం, అంతర్జాల వసతి ఉన్నవి 14.9 శాతం. కరోనా కాలంలో తెలంగాణ ప్రభుత్వం 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ల ద్వారా పాఠాలు ప్రసారం చేసినప్పుడు టెలివిజన్‌ను ఆశ్రయించడానికి ఈ పరిస్థితి కూడా కారణమే. తరువాత ఫోన్లు పెరిగాయి. 28 జిల్లాల్లో 14-18 ఏళ్ల యువతపై జరిపిన అసర్ 2023 అధ్యయనంలో దాదాపు 90 శాతం మంది ఇంట్లో స్మార్ట్‌ఫోను ఉందని, వాడటం వచ్చని చెప్పారు. కాని వాడగలిగినవారిలో సొంత ఫోను ఉన్న అబ్బాయిలు 43.7 శాతం కాగా, అమ్మాయిలు 19.8 శాతమే.

ఈ అంకెలను వర్నికి యథాతథంగా అన్వయించలేం. అయినా అవి చెప్పే పరిస్థితి మన తరగతికి కొత్తది కాదు. ఇంట్లో ఉన్న ఫోను తండ్రితో పొలానికో, అన్నతో పట్నానికో పోతుంది. రాత్రి భోజనాలయ్యాక దొరికిన అరగంటే ఆ అమ్మాయి 'డిజిటల్ సమయం'. ఆమెకు పది యాప్‌ల పట్టిక ఇవ్వడం వృథా. ఆ అరగంటలో ఏ ఒక్క పని చేస్తే మేలో చెప్పాలి.

తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలు 'దోస్త్' ద్వారా జరుగుతున్నాయి. అంటే పల్లె విద్యార్థి జీవితంలో మొదటి పెద్ద డిజిటల్ నిర్ణయం కళాశాల గడప తొక్కకముందే జరిగిపోతుంది. ఆధార్‌తో ముడిపడిన ఫోను నంబరు, ఓటీపీ, ఐచ్ఛికాల వరుసక్రమం అన్నీ తెలిసి ఉండాలి. మా తరగతిలో ఒక విద్యార్థిని తెలుగు సాహిత్యం ఉన్న కోర్సు చదవాలనుకుంది. ఒక ఇంటర్నెట్ కేంద్రంలో ఆమె తరఫున మరొకరు ఐచ్ఛికాలు నింపారు. వరుసలో ముందు పెట్టినది ముందు పరిశీలనకు వస్తుందన్న సంగతి ఆమెకు సీటు కేటాయింపు తరువాత తెలిసింది. ఆమెకు చదవడం రాక ఈ నష్టం జరగలేదు. ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న అమ్మాయి. తెరను తానే చదివే అవకాశాన్ని మరొకరికి అప్పగించింది, అంతే. సొంత దరఖాస్తును తానే చదివి, తానే సరిచూసి, రసీదు భద్రపరచుకోగలగడం డిజిటల్ అక్షరాస్యతకు కనీస ప్రమాణం కావాలి. ఓటీపీని, ఆధార్ నకలును ఎవరి చేతిలో పెడుతున్నామో తెలిసి ఉండటం అందులో భాగమే.

4. అక్షరసంకేతం - మొదటి పాఠం:

తెలుగు విద్యార్థికి నేర్పవలసిన మొదటి సాంకేతికాంశం యూనికోడ్. 1991లో వెలువడిన తొలి యూనికోడ్‌లోనే తెలుగుకు 128 స్థానాల గడి కేటాయించబడింది. ౘ, ౙ అక్షరాలు 2008లో, నకారపొల్లు 2021లో చేరాయి. అయినా తెలుగు రాష్ట్రాల్లో డీటీపీ కేంద్రాలు, ముద్రణాలయాలు నేటికీ అను అక్షరాలను విస్తృతంగా వాడుతున్నాయి. అను సంకేతంలో టైపు చేసిన పాఠం ఆ ఫాంటు ఉన్నచోట తెలుగు. లేనిచోట అర్థంకాని గుర్తుల వరుస. పుస్తకం అచ్చు కావడానికి అది సరిపోయింది. వెతకడానికి, పోల్చడానికి, ఉల్లేఖించడానికి సరిపోదు.

2009 నాటి యూజీసీ నిబంధనల అనంతరం సిద్ధాంతగ్రంథాలు ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే శోధగంగలో చేరుతున్నాయి. తెలుగు సిద్ధాంతగ్రంథాల్లో అనేకం చిత్రరూపంలోనో, అను అక్షరాల్లోనో ఉన్నాయి. తెరమీద చదవవచ్చు గాని లోపలి మాటను వెతకలేం. గ్రంథచౌర్య పరీక్షలో 10 శాతం దాటిన పోలికను దోషంగా గణించే 2018 నిబంధనలు తెలుగు పరిశోధనకూ వర్తిస్తాయి. కాని వెతకడానికి వీలుకాని పాఠంలో పోలికను యంత్రం ఎట్లా పట్టుకుంటుంది? కనుక యూనికోడ్‌లో రాయడం సౌకర్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. అది పరిశోధన నిజాయితీకి సంబంధించినది.

నేర్పవలసిన పరికరాలు ఇక్కడ కొన్నే. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అన్ని భారతీయ భాషలకూ ఒకే అమరిక ఇస్తుంది. ఆంగ్లాక్షరాలతో ఉచ్చారణను బట్టి టైపు చేయాలనుకునేవారికి వీవెన్ రూపొందించిన 'లేఖిని' ఉంది. పాత ఫాంటుల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చడానికి వెన్న నాగార్జున చేసిన 'పద్మ' మార్గం చూపింది. తిరుమల కృష్ణదేశికాచార్యులు 'పోతన', 'వేమన' ఫాంటులను ఉచితంగా అందించారు. లేఖిని, పద్మ, పోతన, వేమనల వెనుక పెద్ద సంస్థలు లేవు. భాష మీద మమకారంతో వ్యక్తులు చేసిన పని ఇది. ఈ చరిత్రను కూడా విద్యార్థికి చెప్పాలి.

ఊరి పేరుతోనే ఒక అభ్యాసం చేయించవచ్చు. 'బోధన్' అన్న పేరుకు 'లో' చేర్చి టైపు చేస్తే 'బోధన్లో' అని నకారం కింద లకారం ఒత్తుగా చేరుతుంది. 'బోధన్‌లో' అని విడిగా నిలవాలంటే మధ్యలో కంటికి కనిపించని ఒక విభాజక సంకేతం ఉండాలి. చదివేవాడికి రెండూ ఒకటే. కొన్ని సాఫ్ట్‌వేర్లకు అవి వేర్వేరు మాటలు. పొల్లు మరచి 'బోధన' అని వెతికితే ఊరికి బదులు అధ్యాపనశాస్త్రం వచ్చి కూర్చుంటుంది. బాన్సువాడ, బాన్స్‌వాడ, బాన్స్వాడ అని మూడు రూపాలున్న ఊరి సంగతి చెప్పనక్కరలేదు. ఒక రూపంతో వెతికి 'సమాచారం లేదు' అని తేల్చేవాడికి ఇంకా వెతకడం రాలేదన్నమాట.

5. నిఘంటువులు, గ్రంథాలయాలు:

ఆంధ్రభారతి జాలస్థలిలో శబ్దరత్నాకరం, బ్రౌణ్య నిఘంటువులు, సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదలైన అనేక కోశాలను ఒకేచోట వెతకవచ్చు. బ్రౌన్, గ్విన్ నిఘంటువులు షికాగో విశ్వవిద్యాలయపు దక్షిణాసియా డిజిటల్ గ్రంథాలయంలో కూడా ఉన్నాయి. అరచేతిలో ఇన్ని నిఘంటువులు ఉండటం మా తరానికి ముందు చదువుకున్నవారికి ఊహకు అందని సంపద.

అయితే వెతికే తీరు తెలియకపోతే సంపద అక్కరకు రాదు. ప్రాచీన కోశాల్లో ఆరోపం 'పుస్తకము', 'గుఱ్ఱము' వంటి రూపాల్లో ఉంటుంది. 'పుస్తకం' అని టైపు చేసినవాడికి ఫలితం దొరకకపోవచ్చు. 'చదువుతున్నారు' అని వెతికితే దొరకదు. ధాతువు దాకా వెళ్లి 'చదువు' అని వెతకాలి. అంటే నిఘంటువును వాడటానికి ప్రత్యయాన్ని విడదీసే వ్యాకరణజ్ఞానం ముందుగా ఉండాలి. తెలుగులో పదదోషాలను దిద్దే సాఫ్ట్‌వేర్లు బలహీనంగా ఉండటానికి కారణం కూడా ఇదే. సంధులు, విభక్తులు చేరి ఒక్కొక్క మాట లెక్కలేనన్ని రూపాలు పొందే భాషలో పదాల పట్టికతో పోల్చి దోషం చెప్పడం కుదరదు. ఆంగ్లవ్యాసాల నుంచి దిగుమతి అయిన 'విద్యార్థికి ఉపయోగపడే పది పరికరాలు' పట్టికల్లో గ్రామర్లీ పేరు తప్పక కనిపిస్తుంది. అది తెలుగు వాక్యాన్ని దిద్దదు. ఆ మాట పట్టికలో కనిపించదు.

మాండలిక పదాల విషయంలో పరిమితి ఇంకా పెద్దది. 'దవాఖాన', 'జాగ' వంటి మాటలను కావ్యభాష ఆధారంగా కూర్చిన కోశాల్లో వెతకడం సరికాదు. వాటికి నలిమెల భాస్కర్ కూర్చిన 'తెలంగాణ పదకోశం' వంటి గ్రంథాలను చూడాలి. ఏ ప్రశ్నకు ఏ కోశం అన్న ఎంపిక కూడా అక్షరాస్యతలో భాగమే.

గ్రంథాల విషయానికి వస్తే, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన వేలాది తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లభిస్తున్నాయి. ఐఐటీ ఖరగ్‌పూర్ నిర్వహించే జాతీయ డిజిటల్ గ్రంథాలయం 2018 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. కాని ఆర్కైవ్‌లో పుస్తకాల పేర్లు చాలావరకు ఆంగ్లాక్షరాల్లో, ఇష్టమొచ్చిన వర్ణక్రమంతో నమోదయ్యాయి. తెలుగులో వెతికితే దొరకని పుస్తకం రెండు మూడు ఆంగ్లవర్ణక్రమాలతో వెతికితే దొరుకుతుంది. ముఖపత్రం తెరిచి ముద్రణసంవత్సరం, ప్రచురణకర్త సరిచూడకుండా జాబితాలోని వివరాన్ని ఉల్లేఖించకూడదు.

6. అక్షరగుర్తింపు యంత్రాలు - పరిష్కర్త కన్ను:

పుస్తకం పుటను ఫోటో తీసి పాఠంగా మార్చే ఓసీఆర్ సాంకేతికత ఇప్పుడు గూగుల్ లెన్స్ వంటి ఉచిత పరికరాల్లోనే అందుతున్నది. ఉచితంగా లభించే టెసరాక్ట్ కూడా తెలుగును గుర్తిస్తుంది. తెలుగు వికీసోర్స్‌లో పుస్తకాలు చేర్చేవారికి ఈ సాంకేతికతే ఆధారం. శుభ్రమైన అచ్చులో ఫలితం బాగుంటుంది. పాత అచ్చులో ప, వ, ష పరస్పరం మారతాయి. థ, ధ కలగలుస్తాయి. అరసున్న జారిపోతుంది. ఒత్తులు తారుమారవుతాయి.

ఇవి కొత్త దోషాలు కావు. తాళపత్రం చూసి రాసిన లేఖకుడు కూడా ఇట్లాంటి తప్పులే చేశాడు. అందుకే మన పెద్దలు ఒకే ప్రతిని నమ్మక, అనేక ప్రతులు తెప్పించి, పాఠాంతరాలు గుర్తించి, ఛందస్సును, అర్థాన్ని, కవి ప్రయోగరీతిని బట్టి పాఠాన్ని నిర్ణయించారు. బ్రౌన్ వేమన పద్యాల ప్రతులను సేకరించి పోల్పించడం, మానవల్లి రామకృష్ణకవి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారి పరిష్కరణకృషి ఇందుకు నిదర్శనాలు. ఓసీఆర్ పాఠాన్ని కొత్త లేఖకుడి రాతప్రతిగా చూడమని విద్యార్థికి చెబితే చాలు, ఏం చేయాలో అతడికి తెలుస్తుంది. ఒక్క పుటను యంత్రంతో మార్పించి, మూలంతో పోల్చి, ఎన్ని తప్పులు, ఏ రకమైనవి అని వర్గీకరించడం మంచి ఇంటిపని. పరిష్కరణశాస్త్రం, సాంకేతికత రెండూ అక్కడ కలుస్తాయి.

7. వాక్కు నుంచి పాఠం - మాండలికం మాయమయ్యే చోటు:

మాటను టైపుగా మార్చే సౌకర్యం పల్లె విద్యార్థికి వరం. కీబోర్డుతో కుస్తీ పట్టనక్కరలేదు. అయితే తరగతిలో చేసిన ఒక అభ్యాసంలో విద్యార్థులు తమ ఇంటి పెద్దల మాటలను ఫోనుకు వినిపించారు. 'గిట్ల', 'యాడికి', 'పోయిండు' వంటి రూపాలు కొన్నిసార్లు ప్రామాణిక రూపాలుగా మారాయి. కొన్నిసార్లు వేరే మాటలే అయ్యాయి. యంత్రం విన్నది అవ్వ మాట. రాసింది పత్రికాభాష. విద్యార్థులు మొదట నవ్వారు. తరువాత ఒకరు అడిగిన ప్రశ్న గంభీరమైనది. పాఠంలో లేని ఆ మాటను రేపు ఎవరైనా వెతికితే అసలు ఆ మాటే లేదనుకుంటారు కదా?

ఈ ప్రాంతానికి ఈ ప్రశ్న మరింత బరువైనది. 2015 డిసెంబరులో బోధన్ చక్కెర కర్మాగారం మూతపడింది. కర్మాగారానికి తోలే చెరకుతోపాటు దాని చుట్టూ అల్లుకున్న మాటలు కూడా వాడుకలోంచి జారుతున్నాయి. చెరకు ముక్కను ముచ్చె అని, మొదటిపంటను మొక్కతోట అని, నరికిన మోళ్ల నుంచి పెంచేదాన్ని కార్శితోట అని, గడలను పడిపోకుండా ఆకులతో కట్టడాన్ని జడచుట్టు అని వ్యవసాయ రచనల్లో రాస్తారు. వర్ని రైతు వీటిని ఏమంటాడు? క్యాంపు రైతు ఏమంటాడు? బండి తోలినవారు, గడ కొట్టిన కూలీలు, ఫ్యాక్టరీ గేటు దగ్గర తూకం వేసినవారు వాడిన మాటలేవి? ఈ మాటలు తెలిసినవారు పెద్దవారవుతున్నారు. మనవడి చేతిలో రికార్డరు ఉన్న ఫోను ఉంది. డిజిటల్ అక్షరాస్యతకు ఇంతకంటె విలువైన వినియోగం ఈ ప్రాంతంలో మరొకటి నాకు కనిపించదు.

అందుకు పద్ధతి ఉండాలి. మొదట వక్త అనుమతి తీసుకొని శబ్దాన్ని రికార్డు చేయాలి. ఊరు, తేదీ, వక్త వయసు, వృత్తి నమోదు చేయాలి. యంత్రంతో కాక చెవితో విని, పలికినట్టే రాయాలి. తరువాత మాత్రమే యంత్రపాఠంతో పోల్చాలి. అర్థం, ప్రయోగం సరిచూశాక తెలుగు విక్షనరీ వంటి బహిరంగ వేదికలో చేర్చవచ్చు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా, దాని సోదర ప్రాజెక్టులు ఇటువంటి స్వచ్ఛంద శ్రమతోనే పెరిగాయి.

8. కృత్రిమమేధ - లేని పద్యం:

2022 నవంబరు చివర చాట్‌జీపీటీ వెలువడినప్పటి నుంచి ఇంటిపని స్వభావమే మారింది. అనువాదానికి 2011 నుంచే తెలుగులో గూగుల్ సేవ ఉంది. 2022లో కేంద్రప్రభుత్వం 'భాషిణి'ని ప్రారంభించింది. వీటివల్ల ఆంగ్లంలో మాత్రమే దొరికే విషయాన్ని పల్లె విద్యార్థి తెలుగులో అందుకోగలుగుతున్నాడు. ఆ మేలును తక్కువ చేయకూడదు.

కాని సాహిత్యవిషయంలో ఒక ప్రమాదం స్పష్టం. పోతన పద్యం ఒకటి ఇవ్వమని అడిగితే ఈ యంత్రాలు తడబాటు లేకుండా ఒక పద్యాన్ని అల్లి ఇవ్వగలవు. సంస్కృత సమాసాలుంటాయి, భక్తి ఉంటుంది, కింద కవి పేరు కూడా ఉంటుంది. పద్యం మాత్రం భాగవతంలో ఉండదు. ఒక ఇంటిపనిలో అటువంటి పద్యం నాకు ఎదురైంది. విద్యార్థి మోసం చేయాలనుకోలేదు. తెర చూపినది నిజమనుకున్నాడు.

దానిని తరగతిలోనే పరీక్షకు పెట్టాం. మొదటి పరీక్ష ఛందస్సు. మిరియాల దిలీప్ రూపొందించిన 'ఛందం' సాఫ్ట్‌వేరు గురులఘువులను గుర్తించి, గణాలు, యతి, ప్రాస సరిపోయాయో లేదో చూపుతుంది. ఉత్పలమాల అంటే భ, ర, న, భ, భ, ర, వ గణాలు, పదో అక్షరం యతి. ఆ 'పద్యం' మొదటి పాదంలోనే గణం తప్పింది, ప్రాస లేదు. రెండో పరీక్ష మూలం. తెలుగు భాగవతం పాఠం అంతర్జాలంలో స్కంధాల వారీగా వెతకడానికి వీలుగా లభిస్తున్నది. ఆ పద్యంలోని ప్రధానపదాలతో 12 స్కంధాల్లో వెతికితే అది కనిపించలేదు. మూడో పరీక్ష ముద్రితప్రతి. అక్కడా లేదు.

ఈ మూడు పరీక్షల వరుసకు కారణం ఉంది. ఛందస్సు తప్పితే పోతనది కాదని అనుమానించడానికి ఆధారం దొరుకుతుంది, ఓసీఆర్ దోషం కాదని తేలినప్పుడు. ఛందస్సు సరిపోయినంత మాత్రాన పోతనదే అనడానికి మాత్రం ఆధారం దొరకదు. గణాలు సరిగ్గా వేసే అజ్ఞాతకవులు మనకు ఎప్పుడూ ఉన్నారు. రేపటి యంత్రం కూడా సరిగ్గా వేయవచ్చు. కాబట్టి సాఫ్ట్‌వేరు ఇచ్చే సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మాలో నిర్ణయించేది చదివేవాడి విమర్శదృష్టే.

9. తేదీని ప్రశ్నించడం:

సాహిత్యం బయట కూడా ఇదే పద్ధతి పనిచేస్తుంది. బోధన్ చక్కెర కర్మాగారం ఎప్పుడు ఏర్పడిందని వెతికిన విద్యార్థులకు కొన్నిచోట్ల 1921 అని, మరికొన్నిచోట్ల 1937 అని కనిపించింది. మొదట కనిపించినదాన్ని రాసుకోవడం అలవాటు. ఆపి ఒక ప్రశ్న వేయించాను. ఈ కర్మాగారానికి చెరకు ఏ నీటితో పండింది? నిజాంసాగర్ ఆయకట్టు నీటితో. ఆ జలాశయం పని 1923లో మొదలైంది, 1931లో ముగిసింది. అటువంటప్పుడు 1921 అనుమానించవలసిన తేదీ, 1937 సందర్భానికి పొసిగే తేదీ. తుదినిర్ణయానికి ఇంకా అధికారపత్రాలు చూడాలి. కాని అక్కడిదాకా తీసుకువెళ్లింది ఏ యాప్ కూడా కాదు. కళ్లముందున్న కాలువే.

ఎంత ఎక్కువచోట్ల కనిపిస్తే అంత నిజమన్న భ్రమ అంతర్జాలంలో బలమైనది. ఒకే పొరపాటును వందమంది నకలు చేస్తే అది వంద సాక్ష్యాలు కాదు, ఒకే సాక్ష్యం. ప్రతుల వంశవృక్షం గీసిన పరిష్కర్తలకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు.

10. ఉల్లేఖన పరికరాలు:

పరిశోధనవైపు వెళ్లే విద్యార్థికి జొటేరో వంటి ఉచిత ఉల్లేఖన పరికరం ఉపకరిస్తుంది. ఇక్కడా తెలుగుకు ఒక చిక్కు ఉంది. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. ఆంగ్లపద్ధతి ఇంటిపేరు చివర వస్తుందని భావిస్తుంది. 'సురవరం ప్రతాపరెడ్డి' అనే పేరును యథాలాపంగా నింపితే గ్రంథసూచిలో 'ప్రతాపరెడ్డి, సురవరం' అని తలకిందులు కావచ్చు. పేరు మొత్తాన్ని ఒకే గడిలో నింపడమో, ఇంటిపేరును దాని గడిలో సరిగ్గా చేర్చడమో నేర్పాలి. పరికరం మన పేరు పెట్టుకునే పద్ధతిని కూడా ఎరగదని విద్యార్థికి తెలియడం మంచిదే. అప్పుడు దాని మిగతా ఊహలను కూడా అనుమానిస్తాడు.

11. ఆచరణకు కొన్ని సూచనలు:

కళాశాలలో కంప్యూటర్ ప్రయోగశాల లేదన్న కారణంతో ఈ పనిని వాయిదా వేయనక్కరలేదు. పైన చెప్పిన అభ్యాసాల్లో అన్నీ తరగతికి నాలుగైదు ఫోన్లు ఉంటే జరిగిపోతాయి. ఫోను లేని విద్యార్థినులు ఉన్న బృందంలో పరీక్షించే బాధ్యతను వారికి అప్పగించాలి. ఫోను ఉన్నవారు వెతకాలి, లేనివారు ముద్రితప్రతితో సరిచూడాలి. అప్పుడు ఫోను లేకపోవడం తరగతిలో తక్కువతనం కాదు.

తెలుగు డిగ్రీ పాఠ్యప్రణాళికలో ప్రతి సెమిస్టరుకు ఒక అభ్యాసం చేర్చవచ్చు. యూనికోడ్‌లో సొంతంగా పుట టైపు చేయడం, నాలుగు నిఘంటువుల్లో ఒక మాటను పోల్చడం, ఓసీఆర్ పుటను దిద్దడం, యంత్రం ఇచ్చిన ఉల్లేఖనను పరీక్షించడం, ఊరి మాటలను రికార్డు చేసి నమోదు చేయడం, ఒక స్థానిక తేదీని మూలాలతో నిర్ధారించడం. మూడేళ్ల డిగ్రీలో ఆరు సెమిస్టర్లకు ఈ ఆరు చాలు. వీటికి మార్కులు ఫలితానికి కాక సరిచూసిన విధానానికి ఇవ్వాలి. తప్పు పట్టుకున్న విద్యార్థికి, తప్పు లేకుండా నకలు చేసిన విద్యార్థికంటె ఎక్కువ మార్కులు రావాలి.

12. ముగింపు:

సాంకేతిక పరికరాల పేర్లు ఏటా మారతాయి. ఈ వ్యాసంలో పేర్కొన్నవాటిలో కొన్ని కొన్నేళ్లకు ఉండకపోవచ్చు. నిలిచేది చదివే పద్ధతి. పాఠం ఎక్కడి నుంచి వచ్చింది, ఏ ప్రతితో సరిపోతుంది, ఎవరి మాట ఇందులో జారిపోయింది అన్న మూడు ప్రశ్నలు తాళపత్రానికి వర్తించాయి, అచ్చుకు వర్తించాయి, తెరకు కూడా వర్తిస్తాయి. వాటిని అడగడం నేర్పే బాధ్యతను కంప్యూటర్ విభాగానికి వదిలిపెట్టి తెలుగు అధ్యాపకులు పక్కకు తప్పుకోవడం సరికాదు. పాఠాన్ని ప్రశ్నించడమే మన విభాగపు పని.

తన దరఖాస్తును మరొకరు నింపితే కోర్సు పోగొట్టుకున్న ఆ విద్యార్థిని తరువాతి సంవత్సరం తన చెల్లెలి ఐచ్ఛికాలను తానే నింపింది. సమర్పించేముందు వరుసను రెండుసార్లు పైకి చదివిందట. అక్షరాస్యత అన్న మాటలోని ఆస్యం అక్కడ సార్థకమైంది.